ఇంటికి చిన్న ఉడ్ లేత్ కొనాలా? ముందు తోటలో కట్టె చూడండి, తర్వాతే మిషన్



ఈ మధ్య నాకు వచ్చే ఫోన్లలో ఒక ప్రశ్న ఎక్కువైంది. "అన్నా, ఇంట్లో సరదాగా పని చేసుకునేదానికి చిన్న ఉడ్ లేత్ ఏది కొనాలి?" ఫోన్లో రెండు మాటల్లో చెప్పే విషయం కాదిది. అందుకే వీడియో తీశాను. వీడియోలో మిషన్ తిప్పి చూపించాను. లెక్కలు, కొలతలు మాత్రం ఇక్కడ రాస్తున్నాను. కొనేదానికి పోయేటప్పుడు చేతిలో ఉంటే పనికొస్తాయి.

సేంద్రియ, ప్రకృతి వ్యవసాయం మాట్లాడుకునే చోట లేత్ ఎందుకు అంటారేమో. 2025 సీజన్‌లో మా చిత్తూరు వైపు తోతాపురి సంగతి గుర్తుంది కదా. ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 రూపాయలు అని లెక్క కట్టాల్సి వచ్చింది. ముసలి తోటలు తీసేసి ఇంకేదన్నా పెడదామనే మాట అప్పటి నుంచి చాలాచోట్ల వినిపిస్తా ఉంది. చెట్టు తీస్తే కట్టె ఎక్కడికి పోతుంది? టన్నుల లెక్కన పొయ్యిలోకి, లేకుంటే ప్యాకింగ్ పెట్టెలకు. ముప్పై నలభై ఏళ్లు మన నేల మీద పెరిగిన మానులో కాస్తయినా గిన్నెగానో, పప్పుగుత్తిగానో, పిల్లోళ్ల బొంగరంగానో ఇంట్లో మిగలాలంటే లేత్ ఒక దారి. పాత తెలుగులో దీన్ని తరిమెన అనేవాళ్లు. తరిమెన పట్టిన మంచం కోళ్లు ఇప్పటికీ పాత ఇళ్లలో కనపడతాయి. కట్టె గుండ్రంగా తిరుగుతుంటుంది, మనం ఉలి ఆనిస్తే చెక్కుకుంటూ పోతుంది. పని అంతే.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఇది సరదా పని. పంట నష్టాన్ని ఇది పూడుస్తుందని ఎవరన్నా చెబితే నమ్మొద్దు. నాకు ఒక పప్పుగుత్తి పూర్తి కావడానికి 40 నిమిషాలు పడుతుంది. గానుగ నూనె, రాగులు తీసుకునే నా కస్టమర్లు కొందరు అడిగి తీసుకుంటారు. అప్పుచేసి మిషన్ కొనేంత వ్యాపారం అది కాదు.

మొదటి ప్రశ్న: ఏం చేయాలనుకుంటున్నారు?

చాలామంది మిషన్ బొమ్మ చూసి మొదలుపెడతారు. అది తిరగేయండి. ముందు ఏం చేస్తారో కాగితం మీద రాసుకోండి. ఇంటి పనులు రెండు రకాలు.

ఒకటి, పొడవు పని. చపాతీ కర్ర, పప్పుగుత్తి, కొడవలి పిడి, ఉలి పిడి, బొంగరం లాంటివి. కట్టెను రెండు కొనల మధ్య పట్టించి తిప్పుతాం.

రెండోది, గిన్నె పని. కట్టెను ఒక పక్కే పట్టించి లోపల తొలుస్తాం. దీనికి చక్ కావాలి, బలమైన మోటారు కావాలి, తక్కువ వేగం కావాలి.

పొడవు పని ఒక్కటే చాలనుకుంటే చిన్న, చవక మిషన్ సరిపోతుంది. గిన్నెలు కూడా చేయాలంటే కింద రాసిన ప్రతి కొలతా ముఖ్యమే. పార కామ, తొలికె కామ తిప్పాలని కొందరు అడుగుతున్నారు. అవి మూడడుగులు, అంతకంటే ఎక్కువ పొడవు. ఇంటి లేత్ మీద పట్టవు. వాటికి ఎప్పట్లాగే బాడిశతో చెక్కుకోవడమే సులువు. దానికోసం పెద్ద మిషన్ కొనే పని లేదు.

సైజు: రెండు అంకెలు

మొదటిది స్వింగ్. అంటే బెడ్‌కు తగలకుండా తిరగగల కట్టె వ్యాసం. ఇక్కడ జాగ్రత్త. కొందరు అమ్మేవాళ్లు సెంటర్ ఎత్తు రాస్తారు, కొందరు స్వింగ్ రాస్తారు. సెంటర్ ఎత్తు 125 మిల్లీమీటర్లు అంటే స్వింగ్ 250 మిల్లీమీటర్లు, దాదాపు 10 అంగుళాలు. రెండూ ఒకటే మిషన్. ఇది తెలియక ధరలు పోల్చుకుంటే లెక్క తప్పుతుంది.

రెండోది సెంటర్ల మధ్య దూరం. చపాతీ కర్రకు 16 అంగుళాలు, పప్పుగుత్తికి 14 అంగుళాలు చాలు. 18 అంగుళాలు, అంటే 450 మిల్లీమీటర్లు ఉంటే ఇంటి సామాను అంతా అయిపోతుంది.

ఇంటికి నా సలహా: స్వింగ్ 10 అంగుళాలు, పొడవు 16 నుంచి 18 అంగుళాలు. స్వింగ్ 8 అంగుళాల కంటే తక్కువ ఉంటే గిన్నెల ఆశ వదులుకోవాల్సిందే.

వేగం: పెద్ద అంకె కాదు, చిన్న అంకె చూడండి

అంగడిలో "4000 ఆర్‌పీఎం అన్నా" అని గొప్పగా చెబుతారు. మీరు అడగాల్సింది కనీస వేగం ఎంత అని.

వడ్రంగం వాళ్లు వాడే ఒక పాత లెక్క ఉంది. కట్టె వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని ఆర్‌పీఎంతో గుణిస్తే 6000 నుంచి 9000 మధ్య రావాలి. 2 అంగుళాల పిడికి 3000 నుంచి 4500. 10 అంగుళాల గిన్నెకు 600 నుంచి 900. ఇది కట్టె సమానంగా గుండ్రమైన తర్వాతి వేగం. మొదట్లో కట్టె ఒక పక్క బరువుగా, వంకరగా ఉంటుంది. అప్పుడు ఈ లెక్కలో సగంతో మొదలుపెట్టాలి.

ఎందుకింత పట్టింపు అంటే చూడండి. 10 అంగుళాల వ్యాసం, 3 అంగుళాల మందం ఉన్న పచ్చి మామిడి చెక్క సుమారు మూడున్నర కిలోలు తూగుతుంది. 1000 ఆర్‌పీఎంలో దాని అంచు గంటకు 48 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. 3000 పెడితే 144 కిలోమీటర్లు. ఆ వేగంలో చెక్క ఊడిందంటే గోడకు తగిలినా, మనిషికి తగిలినా ఒకటే. కనీస వేగం 500 లేదా అంతకంటే తక్కువ ఉన్న మిషనే గిన్నెలకు తీసుకోండి. 700, 800 దగ్గర మొదలయ్యేవి పిడులకు బాగుంటాయి, పచ్చి గిన్నెలకు వద్దు.

మోటారు, మన ఊరి కరెంటు

పిడులు, కర్రలకు అర హెచ్‌పీ, అంటే సుమారు 370 వాట్లు చాలు. 10 అంగుళాల గిన్నెలకు ముప్పావు నుంచి ఒక హెచ్‌పీ కావాలి. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. పూర్తి లోడ్ మీద రెండు గంటలు ఆడించినా ఒకటిన్నర యూనిట్ చిల్లర. కరెంటు బిల్లుకు భయపడే పని లేదు.

వేగం మార్చే పద్ధతి రెండు రకాలు. బెల్టును ఒక పుల్లీ మీద నుంచి ఇంకో పుల్లీ మీదికి మార్చేది ఒకటి. నాబ్ తిప్పితే మారేది ఇంకొకటి. నాబ్ సుఖమే. కానీ నాబ్‌తో బాగా తగ్గిస్తే చిన్న మోటార్లకు బలం కూడా తగ్గుతుంది, ఉలి ఆనించగానే ఆగిపోతుంది. బెల్టు మారిస్తే ట్రాక్టర్ లో గేరు వేసినట్టు, వేగం తగ్గి బలం పెరుగుతుంది. అందుకే రెండూ ఉన్న మిషన్, అంటే రెండు మూడు బెల్టు స్థానాలు ఉండి నాబ్ కూడా ఉన్నది మేలు.

సాయంత్రం పూట ఓల్టేజీ పడిపోయే ఊళ్లు మనవి. ఎలక్ట్రానిక్ బోర్డు ఉన్న మిషన్ అయితే బోర్డు విడిగా దొరుకుతుందా, ఎన్ని రోజుల్లో తెప్పిస్తారు అని కొనే ముందే అడగండి. బోర్డు దొరక్క గోనెపట్ట కింద పడున్న మిషన్ మా పక్క ఊర్లోనే ఉంది. బోర్డు లేని ఇండక్షన్ మోటారు, బెల్టు ఉన్న లేత్ అయితే మన ఊర్లో మోటార్లు కట్టే మెకానిక్కే బాగుచేస్తాడు.

ఇంకో ముఖ్యమైన సంగతి స్విచ్. కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు మిషన్ దానంతట అది తిరగకూడదు. మళ్లీ మనం నొక్కితేనే తిరగాలి. ఇట్లాంటి స్విచ్ లేకపోతే ఎలక్ట్రీషియన్ తో పెట్టించుకోండి. కట్టె సర్దుతా ఉన్నప్పుడు కరెంటు వస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

బోరుకు ఇచ్చే ఉచిత వ్యవసాయ కరెంటు బోరు కోసమే. లేత్‌కు ఇంటి సర్వీసు, మంచి ఎర్తింగ్, విడిగా 16 ఆంపియర్ల సాకెట్ పెట్టుకోండి.

బరువు, కొలికి

ఈ మిషన్‌కు బరువే బలం. రేకు, పైపులతో చేసిన 12, 15 కిలోల లేత్ గిన్నె ఎక్కించగానే బల్ల మీద గంతులేస్తుంది. పోత ఇనుము బెడ్ ఉండి 35 కిలోలకు పైన తూగేది చూడండి. తర్వాత దాన్ని బరువైన బల్లకు బోల్టులతో బిగించి, బల్ల కింద అరలో ఇసుక మూటలు వేయండి. స్పిండిల్ మధ్య భాగం మీ మోచేతి ఎత్తులో ఉండాలి. తక్కువైతే గంటలో నడుము పట్టేస్తుంది.

స్పిండిల్ మర ఎంతో తప్పనిసరిగా రాసుకోండి. చక్ కొనాలంటే ఆ మర కుదరాలి. ఎమ్33 లేదా ఒక అంగుళం 8 మరలది అయితే చక్‌లు సులభంగా దొరుకుతాయి. వేరే కొలత అయితే అడాప్టర్ వెతుక్కోవాలి. లోపలి టేపర్ ఎమ్‌టీ2 అయితే మంచిది. ఎమ్‌టీ1 సన్నది, పిడులకు పరవాలేదు.

ఊర్లో మంచం కోళ్లు, మెట్ల కంబాలు తిప్పే పాత లేత్ ఎవరన్నా అమ్ముతుంటే కూడా చూడొచ్చు. పొడవు పనికి అవి గట్టివి. చక్ పట్టే మర, తక్కువ వేగం ఉన్నాయా అని చూసుకుని మాట్లాడండి. స్పిండిల్‌ను చేత్తో పైకి కిందికి ఊపండి. ఆట ఉంటే బేరింగు పోయినట్టు. రెండు సెంటర్లను దగ్గరికి తెస్తే మొనలు ఎదురెదురుగా కలవాలి. కలవకపోతే కొనొద్దు.

మిషన్ ధర సగమే

చేతిలో ఉన్న డబ్బంతా మిషన్‌కు పెట్టకండి. సగం మిగతా సామానుకు పోతుందని లెక్క వేసుకోండి.

ఉలులు: మొదటికి నాలుగు చాలు. పొడవు కట్టెను గుండ్రం చేసే రఫింగ్ గౌజ్, గిన్నె తొలిచే బౌల్ గౌజ్, కోసే పార్టింగ్ ఉలి, నునుపు చేసే స్క్యూ ఉలి. హెచ్‌ఎస్‌ఎస్ ఉక్కువే తీసుకోండి. ఒక హెచ్చరిక: రఫింగ్ గౌజ్‌ను గిన్నె మీద ఎప్పుడూ పెట్టొద్దు. దాని తోక సన్నం, గిన్నె పట్టు లాగితే విరుగుతుంది.

సాన: మొండి ఉలి ప్రమాదం. 8 అంగుళాల బెంచ్ గ్రైండర్, నిమిషానికి 1400 చిల్లర తిరిగేది అయితే ఉలి కాలిపోదు. సాన పట్టడం రానివాళ్లు మొదట్లో కార్బైడ్ ముక్క బిగించిన ఉలితో నేర్చుకోవచ్చు.

చక్: నాలుగు దవడలది. గిన్నెలు వద్దనుకుంటే ఇది అక్కర్లేదు.

ముఖానికి నిండు షీల్డు, దుమ్ముకు మాస్కు. ఇవి లేకుండా మిషన్ ఇంటికి తేవద్దు.

మన తోటలో కట్టెలు ఎట్లా ఉంటాయి

మామిడి: నేర్చుకునేదానికి దీనికంటే మంచి కట్టె లేదు. మెత్తగా తెగుతుంది, చారలు అందంగా ఉంటాయి. వానాకాలం నేల మీద వదిలేస్తే బూజు నలుపు ఎక్కుతుంది, పుచ్చు పడుతుంది. మామిడి సొన పడని వాళ్లకు దీని దుమ్ము కూడా దురద పెట్టొచ్చు.

చింత: చాలా గట్టిది, బరువైంది. మధ్యలో నల్లటి చేవ వస్తే అందమే వేరు. నిదానంగా ఆరుతుంది, ఉలి తొందరగా మొండిపడుతుంది.

వేప: బాగా తిరుగుతుంది. కొత్తలో చేదు వాసన ఉంటుంది కాబట్టి గిన్నెల కంటే పిడులకు బాగు.

టేకు: అందంగా ఉంటుంది కానీ కట్టెలోనే ఇసుక లాంటి సిలికా ఉంటుంది, ఉలి మొన తినేస్తుంది.

సరుగుడు, నీలగిరి: ఆరేటప్పుడు పగుళ్లు ఎక్కువ. మొదట్లో వద్దు.

గన్నేరు విషం. వంటింటి సామానుకు, పిల్లల బొమ్మలకు అస్సలు వాడొద్దు.

ఎర్రచందనం గురించి అడిగేవాళ్లకు ఒకే మాట. మన శేషాచలం చెట్టే అయినా, మీ పట్టా భూమిలో ఉన్నదే అయినా, అటవీ శాఖ అనుమతి, రవాణా పర్మిట్ లేకుండా ముక్క కూడా ముట్టుకోవద్దు. మిగతా చెట్లు కొట్టే ముందు కూడా వాల్టా చట్టం కింద అనుమతి కావాలా అని కనుక్కోండి.

కట్టె ఆరడానికి మందం అంగుళానికి ఒక ఏడాది అని పాత లెక్క. అంత ఆగలేం కదా. దీనికొక పద్ధతి ఉంది. చెట్టు కొట్టిన వారంలోనే మానును నిలువుగా చీల్చి మధ్య గుండె భాగం తీసేయండి, పగుళ్లు అక్కడి నుంచే మొదలవుతాయి. కొనలకు తేనె మైనం గానీ పాత పెయింటు గానీ పూయండి. పచ్చిగా ఉన్నప్పుడే గిన్నెను మందంగా తిప్పేయండి. గోడ మందం వ్యాసంలో పదో వంతు, అంటే 10 అంగుళాల గిన్నెకు ఒక అంగుళం. దాన్ని కాగితం సంచిలో దాని పొట్టుతోనే వేసి నీడలో పెట్టండి. వారానికోసారి వంటింటి తక్కెడ మీద తూచి తేదీతో రాయండి. బరువు తగ్గడం ఆగిపోతే ఆరినట్టు. అప్పటికి అది కోడిగుడ్డు ఆకారానికి వంగి ఉంటుంది. మళ్లీ ఎక్కించి సరిగ్గా తిప్పుకోవాలి.

తోట గట్టు మీద చెట్లు అయితే ఇంకో జాగ్రత్త. కంచె తీగ, మేకులు మాను లోపలికి మింగేసి ఉంటాయి. కోసే ముందు అయస్కాంతంతో చూడండి.

ఏటికొప్పాక నుంచి నేర్చుకోవాల్సింది

లక్క బొమ్మలంటే మనకు వెంటనే గుర్తొచ్చేది అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక. అంకుడు కట్టెను లేత్ మీద తిప్పి, తిరుగుతుండగానే లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికే లక్క కరిగి కట్టెకు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. రసాయన రంగులు వచ్చి పాత పద్ధతి మరుగున పడ్డప్పుడు, అదే ఊరి సి.వి. రాజు గారు పసుపు, నీలిమందు లాంటి చెట్ల రంగులను లక్కలో కలిపే పద్ధతిని మళ్లీ నిలబెట్టారు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటం కూడా ఏటికొప్పాక బొమ్మలదే.

మనకు ఇందులో కనపడాల్సింది బిరుదులు కాదు. పసిబిడ్డ నోట్లో పెట్టుకున్నా భయం లేని రంగు కావాలని మొదలుపెట్టి, ఊరి పనిని నిలబెట్టారు. మనం మందు లేని పంట పండించి, దాన్ని వార్నిష్ కొట్టిన గిన్నెలో పెడితే ఏం లాభం? మా వైపు నుంచి దగ్గర్లో చూడాలనుకునేవాళ్లు బెంగళూరు దాటి 60 కిలోమీటర్లు పోతే చెన్నపట్న వస్తుంది. అక్కడా ఇదే లక్క పని. కొనే ముందు ఒక రోజు నిలబడి వాళ్ల చేతులు చూడండి. పది వీడియోలు చూసినదాని కంటే ఎక్కువ తెలుస్తుంది, నా వీడియోతో కలిపి.

వంటింటి గిన్నెలకు నేను అవిసె నూనె, తేనె మైనం వాడతాను. అవిసె నూనె గాలికి ఆరి గట్టిపడుతుంది. నువ్వుల నూనె, వేరుశనగ నూనె అట్లా ఆరవు, కొన్నాళ్లకు ముక్క వాసన వస్తాయి. హార్డ్‌వేర్ అంగట్లో దొరికే "బాయిల్డ్" అవిసె నూనెలో తొందరగా ఆరేదానికి లోహపు మందులు కలుపుతారు, తిండి గిన్నెలకు అది వద్దు. అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి. దానంతట అదే వేడెక్కి అంటుకోగలదు. నీళ్లలో తడిపి, పరిచి ఆరేయండి.

వేళ్లు, కళ్లు, ఊపిరి

మెడలో తువ్వాలు, వదులు చొక్కా, వేలాడే దారాలు వద్దు. అక్కలు, చెల్లెళ్లు చేసేటప్పుడు కొంగు బిగించి, జడ ముడేసి, గాజులు తీసేయాలి. చేతికి గ్లవ్స్ వేసుకోవద్దు, కట్టె గ్లవ్‌ను పట్టిందంటే చెయ్యి కూడా పోతుంది. స్విచ్ వేసే ముందు కట్టెను చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడా తగలడం లేదని చూడండి. స్విచ్ వేసేటప్పుడు గిన్నెకు ఎదురుగా నిలబడొద్దు, పక్కకు జరగండి. పగులు ఉన్న కట్టెను తిప్పొద్దు.

కట్టె దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కలిగించేవాటి మొదటి గుంపులో పెట్టింది. పురుగు మందు వాసన వద్దని ప్రకృతి వ్యవసాయానికి వచ్చిన మనం ఈ దుమ్ము పీల్చుకుంటూ కూర్చోకూడదు. ఇసుక కాగితం పట్టేటప్పుడు మాస్కు తప్పదు. గాలి ఆడే వసారాలో పెట్టుకోండి, పడకగదిలో కాదు.

పొట్టు పారేయకండి

ఒక గిన్నె తిప్పితే గంపెడు పొట్టు వస్తుంది. కోళ్ల కింద, ఆవుల కింద పరిస్తే మూత్రం పీల్చుకుంటుంది. తర్వాత ఎరువు గుంతలో వేయొచ్చు. చెట్ల పాదుల్లో ఆచ్ఛాదనగా పైన పరచొచ్చు. మట్టిలో మాత్రం కలపకండి. కట్టె పొట్టులో కర్బనం చాలా ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. మట్టిలో కలిస్తే సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెట్టేదానికి మొక్కకు అందాల్సిన నత్రజనిని వాడుకుంటాయి, ఆకు పసుపు తిరుగుతుంది. పైన పరిచి జీవామృతం చల్లితే నిదానంగా నేలలో కలుస్తుంది. వార్నిష్, పెయింటు తగిలిన పొట్టు పశువుల దగ్గరికి గానీ పాదుల్లోకి గానీ పోకూడదు.

కొనే రోజు జేబులో ఉండాల్సిన చీటీ

స్వింగ్ ఎంత, సెంటర్ ఎత్తు ఎంత? సెంటర్ల మధ్య ఎంత? కనీస వేగం 500 లోపు ఉందా? మోటారు ఎన్ని వాట్లు, ఇండక్షనా, బోర్డు ఉన్నదా? బోర్డు, బెల్టు విడిగా దొరుకుతాయా? బరువు ఎన్ని కిలోలు? స్పిండిల్ మర ఏది, టేపర్ ఏది? కరెంటు పోయి వస్తే తనంతట తిరుగుతుందా? కట్టె ఎక్కించి, ఉలి పెట్టి చూపిస్తారా?

చివరి ప్రశ్నకు ఒప్పుకోని చోట కొనొద్దు. ఉత్తగా తిరిగే లేత్ అన్నీ బాగానే తిరుగుతాయి.

ఇంకా మనసు కుదరకపోతే మిషన్ ఇప్పుడే కొనే పని లేదు. ఈ ఎండాకాలం తోటలో విరిగిన మామిడి కొమ్మ ఒకటి తెచ్చి, చీల్చి, కొనలకు మైనం పూసి, బరువు రాసి నీడలో పెట్టండి. అది ఆరేలోపు మీకు లేత్ కావాలో వద్దో మీకే తెలుస్తుంది. కట్టెను తిప్పే పని నచ్చేది ఓపిక ఉన్నవాళ్లకే. ఆ ఓపిక రైతుకు ఎట్లాగూ ఉంటుంది.

గిన్నెను మొదటి నుంచి చివరి దాకా తిప్పడం వచ్చే వీడియోలో చూపిస్తాను. ఉంటాను, నమస్తే.